పెట్ట ముక్కు తాకిన చోట

ప్రశ్న: డాక్టరుగారూ, హేచరీ నుంచి వంద నాటుకోడి పిల్లల్ని తెచ్చాం. పది రోజుల్లో పద్దెనిమిది పోయాయి. మా పెట్ట పొదిగిన పదకొండూ మాత్రం చలాకీగా తిరుగుతున్నాయి. షాపాయన ప్రొబయోటిక్ పొడి, యాంటీబయోటిక్ రెండూ ఇచ్చి నీళ్లలో కలపమన్నాడు. పెరుగు కలిపితే చాలదా?
– ఒక పాఠకురాలు, సత్తుపల్లి

జవాబు: అమ్మా, జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. మీ పెట్టను ఒక పూట కూర్చుని చూడండి. గింజను ముక్కుతో ఎత్తి, కింద వదిలి పిల్లల్ని పిలుస్తుంది. అవి సరిగ్గా ఆ ముక్కు తాకిన చోటే పొడుస్తాయి, దాని రెట్ట పడ్డ మట్టినే గీరుతాయి. తల్లి పేగుల్లోని మంచి బాక్టీరియా పిల్లకు చేరేది ఆ పొడుపులతోనే. గుడ్డు పగిలేనాటికి పిల్ల పేగు దాదాపు ఖాళీ. హేచరీ పిల్లకు తల్లి లేదు కనుక ముందు ఏ క్రిమి దొరికితే అదే అక్కడ కాపురం పెడుతుంది.

1973లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు నూర్మి, రంటాలా ఇదే చూపించారు. పెద్దకోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి వాటిలో నిలదొక్కుకోలేకపోయింది. జాగా ముందే నిండిపోయింది మరి. మంచి బాక్టీరియా ఉండే మీ ప్రొబయోటిక్ పొడి చేయాల్సిన పనీ అదే. అందుకే దాన్ని మొదటి రోజు నుంచే ఇవ్వాలి. అలాగని పెట్ట రెట్టలు తెచ్చి కలపకండి, రక్తపారుడు అంటుకుంటుంది.

రెండు మందులూ ఒకే నీళ్లలో వద్దు. యాంటీబయోటిక్‌కు మంచి క్రిమి, చెడ్డ క్రిమి తేడా తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక రైతుకు ఒకే చీటీ మీద రెండూ రాశాను. ఆయన డబ్బు వృథా అయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. బ్లీచింగ్ కలిపిన నీళ్లూ పొడిని చంపేస్తాయి, బావి నీళ్లు వాడండి.

పెరుగులోని బాక్టీరియా పాలకు అలవాటు పడ్డది, కోడిపిల్ల పేగులో ఎక్కువ రోజులు నిలవదు. పైగా ఎండకు నీళ్ల పళ్లెం పులిసి ఈగలు ముసురుతాయి.

ఇక పోయిన పద్దెనిమిది సంగతి. జబ్బు ముదిరాక ఏ ప్రొబయోటిక్కూ నయం చేయదు. వెనక రెట్ట తెల్లగా అతుక్కుని ఉంటే గుడ్డు ద్వారా వచ్చిన తెల్లపారుడు కావచ్చు. ఇంకొకటి చనిపోతే వెంటనే ఐసులో పెట్టి పశువ్యాధి నిర్ధారణ ల్యాబుకు తీసుకెళ్లండి, మందు ఆ తర్వాతే. ఈ రాత్రి మాత్రం బల్బు కింద పిల్లలు ఎలా పడుకున్నాయో చూడండి. రెండో వారంలో 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటే చలి, దూరంగా జరిగి నోరు తెరిచి ఉంటే వేడి ఎక్కువ.