కారు లోపలి లైటు వెలగట్లేదా? షాపుకి వెళ్లే ముందు ఇవి చూడండి

అమెరికా వచ్చిన ఆర్నెల్లకి మనవాళ్లు పాత కామ్రీయో కరోలానో కొంటారు, ఇంకో నెలకి లోపల పైలైటు వెలగదు. టెన్షన్ పడి వెంటనే షాపుకి తోలుకెళ్లకండి, ఎలక్ట్రికల్ అనగానే డయగ్నొస్టిక్ ఫీజు వంద డాలర్ల పైనే అడుగుతారు, అదీ చూసినందుకే, బాగుచేసినందుకు కాదు.

ముందు స్విచ్చి చూడండి. నవ్వకండి, చాలాసార్లు గొడవంతా అక్కడే. ఆన్, డోర్, ఆఫ్ అని మూడుంటాయి, ఆఫ్‌లో ఉంటే తలుపు తీసినా వెలగదు. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించే చక్రం పూర్తిగా కిందికి తిప్పినా లోపలి లైట్లు ఆగిపోతాయి.

ఒక్క లైటే పోతే బల్బు అనుకోండి. అన్నీ పోయి, గడియారం కూడా పోతే ఫ్యూజు. నేను మొదటిసారి బల్బు మార్చినప్పుడు స్విచ్చి ఆఫ్ చెయ్యకుండా స్క్రూడ్రైవర్‌తో పెకిలించాను, చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది, రెండు డాలర్ల బల్బు కోసం వెళ్లి ఫ్యూజు కూడా పోగొట్టుకున్నాను. ఎల్‌ఈడీ బల్బు వేసి వెలగకపోతే పారెయ్యకండి, తిప్పి పెట్టండి, ప్లస్సూ మైనస్సూ తారుమారై ఉంటుంది.

ఫ్యూజు పెట్టెలు మామూలుగా రెండు: స్టీరింగ్ కింద ఒకటి, బానెట్ కింద ఒకటి (ఇక్కడ హుడ్ అంటారు). మూత మీద గానీ మాన్యువల్‌లో గానీ డోమ్ (అంటే లోపలి పైలైటు) అని ఉన్నది చూసి పీకండి. ఫ్యూజు ఎంతదో రంగే చెబుతుంది: ఎరుపు పది ఆంపియర్లు, నీలం పదిహేను, పసుపు ఇరవై. పది ఉన్నచోట ఇరవై పెట్టారంటే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

దీనికన్నా పెద్ద తలనొప్పి లైటు ఆరకపోవడం. శుక్రవారం రాత్రి పార్క్ చేసి వదిలేస్తే సోమవారం ఆఫీసుకి బయల్దేరేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. సాధారణంగా తలుపు తెరిచుందో మూసుందో పసిగట్టే స్విచ్చిదే తప్పు. కొత్త కార్లలో అది గొళ్లెం లోపలే ఉంటుంది. తలుపు తెరిచి ఉంచి గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసి చూడండి, లైటు ఆరితే ఆ తలుపు మంచిదే, తర్వాత దానికి వెళ్లండి. హ్యాండిల్ లాగి గొళ్లెం మళ్లీ తెరిచాకే తలుపు వెయ్యండి, లేకపోతే అది కాస్తా వంకరపోతుంది. తప్పున్న తలుపు దొరికితే సిలికాన్ స్ప్రే కొట్టి పదిసార్లు తీసి వెయ్యండి, అప్పటిదాకా పైలైటు ఆఫ్‌లో ఉంచండి.

కొత్త ఫ్యూజు కూడా పెట్టగానే పోతుంటే మాత్రం ఎక్కడో వైరు షార్ట్ అవుతున్నట్టే, ఇక అది మన పని కాదు. షాపులో లైటు వెలగట్లేదని కాకుండా డోమ్ ఫ్యూజు రెండుసార్లు పోయిందని చెప్పండి, వాళ్లు నేరుగా వైరింగ్ దగ్గర్నుంచే మొదలెడతారు.