విక్కాను ‘మంత్రవిద్య’ అనవచ్చునా?

సందేహం: ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో విక్కా, పేగనిజం అనే మాటలు పక్కపక్కనే వస్తున్నాయి. మొదటిదానికి ‘మంత్రవిద్య’, రెండోదానికి ‘అన్యమతం’ అని రాశాను. రెండూ ఒకటే కాబట్టి ఒకే మాట చాలునని మిత్రులొకరు అన్నారు. ఏది ఒప్పు? ‘విక్క’ అనాలా, ‘విక్కా’ అనాలా?
– ఒక అనువాదకురాలు

సమాధానం: రెండూ ఒకటి కావు. మీరు ఎంచుకున్న రెండు మాటలనూ మార్చవలసిందే.

శ్రీవైష్ణవులు హిందువులే గాని హిందువులందరూ శ్రీవైష్ణవులు కారు. విక్కాకూ పేగనిజానికీ ఉన్న సంబంధం దాదాపు అలాంటిదే. క్రైస్తవానికి ముందున్న పాత దేవతారాధనలను స్ఫూర్తిగా తీసుకున్న నేటి మతాలను పేగన్ మతాలంటారు; వాటిలో విక్కా ఒకటి. ఐస్‌లాండ్‌లో ఓడిన్, థోర్ వంటి పాత దేవతలను కొలిచే ఆసాత్రూ సంఘం 1972లో ఏర్పడి, మరుసటి ఏడాదే ప్రభుత్వ గుర్తింపు పొందింది. లిథువేనియాలో రోమువా అనే మతం ఉంది, బ్రిటన్‌లో ప్రాచీన కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లు ఉన్నారు. వీరంతా పేగన్లే, కానీ విక్కన్లు కారు. విక్కన్లు ప్రధానంగా ఒక దేవతను, ఆమెకు జోడుగా కొమ్ముల దేవుణ్ణి ఆరాధిస్తారు. ఏడాదికి ఎనిమిది పండుగలు చేస్తారు. పాత సంప్రదాయం పాటించే శాఖల్లో గురుపరంపర, దీక్ష తప్పనిసరి. ఒంటరిగా సాధన చేసేవారూ ఉన్నారు.

‘అన్యమతం’లోని చిక్కు చూడండి. లాటిన్‌లో ‘పాగానుస్’ (‘పేగన్’కు మూలమైన మాట) అంటే పల్లెవాసి. క్రైస్తవులు ఆ మాటను తమవారు కానివారికి వాడారు. తెలుగు బైబిలులోని ‘అన్యజనులు’ కూడా బయటినుంచి చూసి పెట్టిన పేరే. ఒక పాత క్రైస్తవ రచయిత మాటలను అనువదిస్తున్నప్పుడు ‘అన్యమతస్థులు’ తగినదే, అక్కడ ఆయన చూపు అదే కాబట్టి. కానీ తన మతాన్ని తానే ‘అన్యం’ అని ఎవరంటారు? నేటివారి గురించి ‘పేగన్లు’, ‘పేగన్ మతాలు’ అనే రాయండి. ప్రాచీన గ్రీకు, రోమను మతాల సందర్భమైతే ‘బహుదేవతారాధన’ హాయిగా ఒప్పుతుంది.

ఇక ‘మంత్రవిద్య’. విక్కాలో మంత్రతంత్రాలు ఉన్న మాట నిజమే. అయినా అది మతం. ఇంగ్లండులో మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడాన్ని నేరంగా చూసిన 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. ఆ తరువాత జెరాల్డ్ గార్డ్‌నర్ అనే విశ్రాంత కస్టమ్స్ అధికారి 1954లో తన పుస్తకంతో విక్కాను లోకానికి పరిచయం చేశాడు. ఇది యుగాలుగా గుట్టుగా సాగివచ్చిన మతమని ఆయన చెప్పుకున్నాడు, చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఆరాధనలో చదివే పాఠాలలో చాలాభాగం ఆయన శిష్యురాలు డోరీన్ వాలియంటే రాసింది. అమెరికాలో 2007 నుంచి విక్కన్ సైనికుల సమాధి ఫలకాలపై, మిగతా మతాల చిహ్నాల లాగానే, వారి ఐదుకోణాల నక్షత్రం చెక్కడానికి ప్రభుత్వ అనుమతి ఉంది.

ఇంగ్లీషులో ‘విచ్’ అనే మాటను ఎందరో విక్కన్లు ఇష్టపడి తమకు పెట్టుకున్నారు. అంతమాత్రాన వారిని తెలుగులో ‘మంత్రగత్తెలు’ అనకండి. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టి చంపారు, తగలబెట్టారు. ఆ నెత్తుటి మరక ఉన్న మాటను ఒకరి మతానికి పేరుగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇందుకు విరుద్ధమైన పొరపాటు కూడా కొన్ని అనువాదాల్లో కనిపిస్తుంది. 1692లో అమెరికాలోని సేలంలో ఉరితీసిన 19 మందిని విక్కన్లు అనకూడదు. వారు క్రైస్తవ సమాజంలోని మనుషులు, విక్కా పేరు వినైనా ఎరుగరు. అక్కడ ‘మంత్రగత్తెలన్న నింద మోపి’ అనడమే సరి.

అక్షరం సంగతి చిన్నది. ఆఫ్రికా, మలేరియాలను దీర్ఘంతోనే రాస్తున్నాం కాబట్టి ‘విక్కా’ అనే రాయండి. విశేషణంగా ‘విక్కా మతం’, మనుషులను చెప్పేటప్పుడు ‘విక్కన్లు’. మొదటిసారి వాడినచోట ‘ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న పేగన్ మతం’ అని ఒక్క ముక్క చేరిస్తే చదువరికి దారి తెలుస్తుంది.