చావింట్లో, కష్టకాలంలో నవ్వడం తప్పా?

తప్పు కాదు; నవ్వు జరిగిన నష్టాన్ని తగ్గించలేకపోయినా, దాన్ని మోస్తున్న మనిషికి కాసేపు ఊపిరి తీసుకునే వీలు కల్పిస్తుంది.

కష్టం వచ్చినప్పుడు మనసు దాని చుట్టూనే తిరుగుతుంది, ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఒక హాస్యపు మాట ఆ కష్టాన్నే మరో వైపు నుంచి చూపిస్తుంది, మనస్ఫూర్తిగా నవ్విన తరువాత కండరాలు సడలుతాయి, అన్నిటికంటే ముఖ్యంగా, కలిసి నవ్వుకున్నవారికి తాము ఒంటరివారం కామన్న ధైర్యం కలుగుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి, అక్కడి ఉద్దానం ప్రాంతపు తోటలనూ, సరిహద్దుకు అవతల ఒడిశాలోని గజపతి జిల్లానూ తీవ్రంగా దెబ్బతీసింది. ఆ గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో, అలాంటి గాలికి రేకులు లేచిపోయిన ఇంట్లో, ఒక తెలుగు ముసలమ్మ తడిసిన బియ్యాన్ని గోనెపట్టా మీద ఆరబోస్తూ, "ఇంక దీపం అక్కర్లేదర్రా, సెందమామే ఇంట్లోకొచ్చి కూకుంటాడు" అన్నదనుకోండి. ఏడుస్తున్న కోడలు ఏడుస్తూనే నవ్వుతుంది, లేచి చేట అందుకుంటుంది. రేకులు తిరిగి రాకపోయినా పని మొదలవుతుంది.

నవ్వినవారికి బాధ లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పన్నెండోనాటి భోజనాల దగ్గర, పోయిన తాతగారి పిసినారితనాన్ని తలచుకుని మనవలు నవ్వితే అది అగౌరవం కాదు, ఆయన మీది ప్రేమే. అయితే ఆ నవ్వు బాధపడుతున్నవారి నుంచే రావాలి, లేదా వారికి సమ్మతమై ఉండాలి. బయటివారు వారి మీద వేసే పరిహాసం గాయాన్ని మరింత రేపుతుంది.