గ్లాడియోలస్ గడ్డలు పోయాయి, అమరిల్లిస్ ఆకులు పోయాయి: దొంగలు ఇద్దరండీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కుండీల్లో పెట్టిన గ్లాడియోలస్ పూలమొక్కల గడ్డలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి, పక్కనే ఉన్న అమరిల్లిస్‌కేమో ఆకులు మొదలంటా లేవు గానీ దుంప మట్టిలోనే ఉంది, ఎలుకల మందు పెట్టాలా అని అడిగారు. ఇంకా పెట్టకండి. గడ్డ తిన్నది వేరు, ఆకు తిన్నది వేరు. మందు పెడితే రెండో దొంగకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మాది తిరుపతిలో కొండ వైపు ఇల్లు. నాలుగేళ్ల కిందట నాకు తులిప్ పిచ్చి పట్టింది. శ్రీనగర్ తులిప్ తోట ఫొటోలు చూసి పది దుంపలు తెప్పించి, మూడు నెలలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచి, డిసెంబరులో పెద్ద కుండీలో పెట్టాను. మన ఊళ్లో తులిప్ ఏంటని మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. మూడో రోజు పొద్దున చూస్తే కుండీలో పది గుంతలు! పైన గోధుమరంగు పొట్టు మాత్రం వలిచి పడేసి ఉంది, ఎర్రగడ్డ వలిచినట్టు. అదే కుండీలో అంచున ఉన్న అమరిల్లిస్ దుంప పక్కదాకా తవ్వి కూడా దాన్ని పన్నుతో తాకలేదు.

అప్పుడు తెలుసుకున్నాను. తులిప్, గ్లాడియోలస్ గడ్డలు ఎలుకలకు, పందికొక్కులకు మంచి తిండి. మనుషులు కూడా తిన్నారు: 1944-45 చలికాలంలో తిండి దొరక్క నెదర్లాండ్స్‌లో తులిప్ దుంపలు ఉడికించుకుని బతికారు. అమరిల్లిస్, డాఫోడిల్, కేసరిచెట్టు అంటారే ఆ క్రైనమ్, ఇవన్నీ ఒకే కుటుంబం. వీటి దుంపలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులే. అందుకే ఎలుక వాటి జోలికి పెద్దగా పోదు. ఉద్యానవనాల వాళ్లు తులిప్ చుట్టూ డాఫోడిల్ నాటడం కూడా ఇందుకే.

మరి అమరిల్లిస్ ఆకులు ఎవరు తిన్నారంటారా? లిల్లీ పురుగు. నల్లటి గొంగళిపురుగు, ఒంటి మీద తెల్ల చుక్కలు, అక్కడక్కడా ఎరుపు. చూడ్డానికి ముగ్గులా భలే ఉంటుంది, అందుకే మొదటిసారి నేను ఫొటో తీసుకుని వదిలేశాను, నా బుద్ధి తక్కువ. దాని తల్లి ఎరుపు, నలుపు, పసుపు కలిసిన చిన్న రెక్కల పురుగు. ఆ లైకోరిన్ విషం దీన్ని ఏమీ చేయదు. గుంపుగా పుట్టి, మొదట ఆకు అడుగువైపు గీకి తింటాయి, పైన పల్చని పొర మిగులుతుంది. కాస్త పెరిగాక ఆకు మొత్తం, తర్వాత పూకాడ, ఆ తర్వాత మెడ దగ్గర నుంచి దుంపలోకే దిగుతాయి. దిగాక దుంప కుళ్లుతుంది. మీది ఇంకా అక్కడిదాకా రాలేదని అనుకుంటున్నాను. మెడ దగ్గర వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆకు మళ్లీ వస్తుంది, టెన్షన్ వద్దు. మెత్తగా ఉండి వాసన వస్తే, ఆ భాగం కోసేసి, నీడలో ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటండి. అయితే ఆకులు బాగానే ఉండి దుంప ఒక్కటే మెత్తబడితే అది పురుగు కాదు, మీరు పోసిన నీళ్లు.

ఈ రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసి ఆకుల మొదళ్లు, పక్క కుండీలు చూడండి. దొరికినవాటిని సబ్బు నీళ్ల డబ్బాలో పడేయండి. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టండి. చిన్న పురుగులకు పనిచేస్తుంది, పెద్దవాటికి చెయ్యే మందు. పైమట్టి రెండంగుళాలు కూడా తిరగేయండి, ప్యూపాలు, అంటే రెక్కల పురుగుగా మారే ముందు గూడులో ఉండే దశ, అక్కడే దాక్కుంటాయి. నేను ఇది చేయకపోవడం వల్ల నెల తిరక్కుండా రెండో విడత వచ్చింది.

గ్లాడియోలస్‌కు మాత్రం జాలీయే గతి. అర అంగుళం కన్నుల ఇనుప జాలీ కుండీ మీద పరిచి అంచులు బిగించండి, మొలక సందులోంచి వస్తుంది. నేల మీద అయితే అడుగున కూడా వేయాలి, పందికొక్కు కింద నుంచి బొరియ చేసుకుని వస్తుంది. చంద్రగిరి దగ్గర మా అమ్మవాళ్ల ఊళ్లో ఏదుపంది వస్తుంది, అది జాలీని లెక్కచేయదు. ఒకసారి గడ్డలన్నీ తవ్వి తిని రెండు ముళ్లు వదిలిపోయింది. మా అమ్మ వాటిని షోకేసులో పెట్టింది.

వానల్లో ఆకులకు వంకర టింకర కన్నాలు, మీద మెరిసే జిగురు చార కనబడితే నత్తలు. మొగ్గ కొరికి కింద పడేస్తే నా అనుభవంలో ఉడత. కాడ విరిచి, రెండు రేకులు పీకి, కుండీ కూడా తోసేస్తే కోతి. కోతికి నా దగ్గర మందు లేదు.

ఎలుకల మందు ఎందుకు వద్దన్నానంటే, మా వీధిలో అది తిన్న ఎలుకను తిని ఒక పిల్లి పోయింది. ఇంకో మాట, తీసిన అమరిల్లిస్ దుంపలు వంటింట్లో ఆరబెట్టకండి. మా అత్తగారు ఒకటి తీసుకుని తాలింపుకు సగం తరిగేశారు. కళ్లు మండలేదేంటి అని అనుమానం వచ్చి ఆగారు కాబట్టి సరిపోయింది.