మిలిందుడు తుమ్మెద కాడు

సందేహం: బౌద్ధ గ్రంథం ‘మిలిందపఞ్హ’లో నాగసేన భిక్షువును ప్రశ్నలడిగే గ్రీకు రాజు పేరు మిళిందుడు. మిళిందం అంటే తుమ్మెద కదా? జ్ఞానమనే తేనె కోసం భిక్షువుల చుట్టూ తిరిగాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒకచోట చదివాను. నిజమేనా?

సమాధానం: వినడానికి ముచ్చటగా ఉంది కానీ నిజం కాదండి. పేరు కనబడగానే నిఘంటువు తెరిచి, దొరికిన అర్థానికి కథ అల్లేయడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ముందు ఆ మనిషి తన పేరు ఎలా రాయించుకున్నాడో చూడొద్దా?

క్రీ.పూ. 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన ఈ రాజు వెండి నాణేల మీద ఒకవైపు గ్రీకులో ‘బసిలియోస్ సోతేరోస్ మెనాండ్రూ’ అని ఉంటుంది. రెండోవైపు వాయవ్య భారతపు ప్రాచీన లిపి ఖరోష్ఠీలో ‘మహరజస త్రతరస మెనంద్రస’. రక్షకుడైన మహారాజు మెనాండ్రోస్‌ది అని అర్థం. ‘సోతేర్’ను ‘త్రాత’ చేసిన ఆ టంకశాల పండితుడెవరో గానీ ఆయనంటే నాకు ఎంతో గౌరవం. బిరుదును అనువదించాడు, పేరును మాత్రం కదపలేదు!

ఆ మెనంద్రే ఈ బౌద్ధ గ్రంథం రాసిన భాష పాలిలో మిలింద. రెండు అనునాసికాలు, అంటే మ, న లాంటి ముక్కుతో పలికే అక్షరాలు, దగ్గర దగ్గరగా పడితే నాలుక ఒకదాన్ని మార్చుకుంటుంది. న, ల ఒకదాని చోట ఒకటి రావడం మనకు కొత్త కాదు. సంస్కృతంలో లాంగలం, పాలిలో నంగలం, మన రైతు నోట నాగలి. ఇక పేరు చివర ఉన్న ‘ఆండ్ర్’ గ్రీకులో మగవాడు. అలెగ్జాండర్‌లో ఉన్నదీ అదే. మన ‘నర’ శబ్దానికి దగ్గరి చుట్టం. కాబట్టి ఈ పేరులో వెతకాల్సింది తుమ్మెదను కాదు, నరుణ్ణి.

తాను పుట్టింది ‘అలసంద’లో అని ఆ గ్రంథంలో రాజు చెబుతాడు. అలెగ్జాండ్రియాకు అది పాలి రూపమని పండితుల మాట. దాన్ని వెంటనే మన అలసందలతో ముడిపెట్టకండి, ఆధారం కావాలి.

రాతలో తుమ్మెదకు ‘ళ’, రాజుకు ‘ల’ ఉంచుకుంటే గందరగోళం ఉండదు. సంస్కృతంలో తుమ్మెద కూడా మిలిందమే కనుక ఇది నియమం కాదు, నా సలహా మాత్రమే. ‘మెనాండర్’ అన్నా తప్పులేదు. తెలుగు వాక్యంలో ‘మెనాండర్ ది గ్రేట్’ మాత్రం వద్దు.

పేర్ల మీద మీకింత ఆసక్తి ఉంది కాబట్టి ఆ ఇద్దరి మొదటి చర్చ తప్పక చదవండి. రాజు మొదట అడిగింది పేరే. ‘నాగసేనుడంటారు, అది పిలుపు మాత్రమే’ అన్న భిక్షువు, రాజు ఎక్కి వచ్చిన రథం సంగతే ఎత్తి, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని తిరిగి అడుగుతాడు.