టెక్ సందేహాలు: పాలసీ తేదీ రాసుకోండి, కాపీ దాచుకోవద్దు

ప్రశ్న: మాది కొండాపూర్‌లో 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సగానికి పైగా కిరాయివాళ్లే. పై ఫ్లాటులో పైపు పగిలి కింది ఇంట్లో సామాను తడిసింది, పెద్ద గొడవైంది. దాంతో కిరాయికి వచ్చేవాళ్లంతా ఇంటి సామాను బీమా తీసుకోవాలని కమిటీ తీర్మానించింది. పాలసీ కాపీలు వాట్సాప్ గ్రూపులో పెట్టించి గూగుల్ షీట్‌లో ఎక్కిస్తున్నాం. అయినా ఎవరిది ఎప్పుడు ముగుస్తోందో తెలియడం లేదు. మంచి యాప్ చెప్పండి. (సంఘం కార్యదర్శి)

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు గ్రూపులో కాపీలు పెట్టించడం ఇవాళే ఆపండి. మియాపూర్, మణికొండ, నల్లగండ్ల నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోంది. అందరూ యాప్ గురించే అడుగుతున్నారు. ఆ పీడీఎఫ్‌లో ఏముంటుందో మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, పాలసీ నంబరు, ముగిసే తేదీ ఉంటాయి. నగలకు విడిగా కవర్ తీసుకుంటే వాటి విలువ కూడా ఉండొచ్చు. ఫలానా ఫ్లాటులో ఇంత బంగారం ఉందని 180 ఫోన్లకు పంపినట్టే. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉన్న ఫోన్లలో ఎవరూ తెరవకుండానే దిగిపోతుంది. మీరు తర్వాత అందరికీ డిలీట్ చేసినా, ఎవరైనా వేరేచోట దాచుకున్న కాపీ వెనక్కి రాదు.

నాకు దొంగల కంటే ఫోన్ చేసేవాళ్ల భయమే ఎక్కువ. ‘మీ ఇంటి పాలసీ 14వ తేదీన ముగుస్తోంది, చివరి నాలుగు అంకెలు ఇవి, రెన్యూవల్‌కి ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి’ అని ఎవరైనా ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) పంపితే, వివరాలన్నీ సరిగ్గా ఉండటంతో జాగ్రత్తపరులు కూడా నమ్ముతారు. ఆ యాప్‌కు ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు అవతలికి పోతాయి. ఇన్‌స్టాల్ చేసేసినవాళ్లు వెంటనే నెట్ ఆపి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకూ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి. బీమా కంపెనీ ఏదైనా సరే, రెన్యూవల్ కోసం వాట్సాప్‌లో యాప్ ఫైల్ వస్తే అది మోసమే.

ఇక మీ షీట్. అందులో కాపీలు, లింకులు ఏవీ ఉండకూడదు. ఫ్లాట్ నంబరు, కంపెనీ పేరు, పాలసీ నంబరులో చివరి నాలుగు అంకెలు, పాలసీ ముగిసే తేదీ, అద్దె ఒప్పందం ముగిసే తేదీ, పాలసీని ఎవరు ఎప్పుడు చూశారు అన్న వివరం చాలు. ఆఫీసులో కిరాయిదారు ఫోన్లోనే పాలసీ చూసి ఇవి రాసుకోండి. షేరింగ్‌లో లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చన్న సెట్టింగ్ తీసేసి, ఇద్దరి ఖాతాలకే అనుమతి ఇవ్వండి. షీట్ కార్యదర్శి సొంత ఖాతాలో కాకుండా సంఘం పేరున తెరిచిన ఖాతాలో ఉండాలి, దానికి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి. లేకపోతే కమిటీ మారిన రోజున షీట్ పాత కార్యదర్శితో వెళ్లిపోతుంది.

తేదీలు తెలియకపోవడానికి కారణం చాలావరకు లొకేల్, అంటే షీట్ ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పే సెట్టింగ్. అది అమెరికాకు ఉంటే 03/04/2026ని షీట్ మార్చి 4గా చదువుతుంది. 25/04/2026 అని కొడితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది, లెక్కలో ఎర్రర్ చూపిస్తుంది. ఎర్రర్ వచ్చిన గడి కంటికి కనిపిస్తుంది. 12వ తేదీ లోపువి మాత్రం చడీచప్పుడు లేకుండా తప్పుతాయి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియాగా మార్చండి. పాత తేదీలు వాటంతట అవి సరికావు, మళ్లీ కొట్టాల్సిందే. తేదీ గడుల్లో సరైన తేదీ తప్ప వేరేది పడకుండా డేటా వాలిడేషన్ కూడా పెట్టండి.

మన దగ్గర సాధారణంగా అద్దె ఒప్పందం 11 నెలలు, పాలసీ ఏడాది. కిరాయిదారు ఖాళీ చేసి వెళ్లినా ఆ ఫ్లాట్ ఇంకో నెల బీమా ఉన్నట్టే కనిపిస్తుంది. ఈలోపు కొత్తవాళ్లు దిగితే పాత పాలసీ వాళ్ల లెక్కలో పడుతుంది. అందుకే రెండు తేదీల్లో ఏది ముందో మిన్ ఫంక్షన్‌తో తీసుకుని, అందులోంచి ఇవాళ్టి తేదీని (టుడే ఫంక్షన్) తీసేయండి. ఫలితం 30 లోపైతే పసుపు, 7 లోపైతే ఎరుపు వచ్చేలా కండిషనల్ ఫార్మాటింగ్ చేయండి. గుర్తుచేసే మెసేజ్ ఆ ఒక్కరికే పంపాలి, గ్రూపులో కాదు.

పాలసీలో తప్పక చూడాల్సింది బీమా ఉన్న ఇంటి చిరునామా. కేవైసీ ప్రకారం ఖమ్మంలోని సొంతింటి అడ్రస్ పడిపోయి, కొండాపూర్ ఫ్లాట్ ఎక్కడా లేని పాలసీలు వస్తుంటాయి. తర్వాత, కవర్ సామానుకేనా అన్నది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక ఇంటి బీమా పాలసీలో భవనానికి తీసుకుంటే సామానుకు భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు తనంతట వస్తుంది. కిరాయిదారు మాత్రం సామాను విలువ చెప్పి, సామానుకే విడిగా తీసుకోవాలి. వరద, అగ్నిప్రమాదం, పైపులు పగలడం ఇందులో ఉన్నాయి. మామూలు దొంగతనం లేదు. ఇలాంటి ప్రమాదం జరిగాక, దానివల్ల 7 రోజుల్లోపు దొంగతనమైన వస్తువులకే వర్తిస్తుంది.

మీ గొడవకు అసలు కారణం వేరు. సామాను పాలసీ పాలసీదారు సామానుకే డబ్బిస్తుంది, కింది ఇంటివాళ్ల సోఫాకి కాదు. దానికి థర్డ్ పార్టీ లయబిలిటీ కవర్ (మనవల్ల ఇతరులకు జరిగిన నష్టానికి బీమా) విడిగా ఉండాలి. అమెరికాలో ఓనర్లు సాధారణంగా లక్ష డాలర్ల లయబిలిటీ అడిగేది ఇందుకే. పాలసీ రద్దైతే తెలిసేలా అక్కడ ఓనర్ పేరు పాలసీలో నమోదు చేయిస్తారు. మీ సంఘానికి అలా కబురు చేసేవాళ్లు లేరు, కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చూడాల్సిందే. ఇక్కడ కిరాయిదారు బీమా తీసుకోవాలన్న చట్టం కూడా లేదు. షరతు ఓనర్ రాసే ఒప్పందంలోకి రావాలి.

ప్రశ్న: మా కమ్యూనిటీ యాప్ పాలసీ, ఆధార్ రెండు వైపులా అప్‌లోడ్ చేస్తే గానీ విజిటర్ పాస్ ఇవ్వనంటోంది. చేయాలా? (మియాపూర్)

జవాబు: ఆధార్ అయితే మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ జారీచేసే యూఐడీఏఐ సైటులోనే దొరుకుతుంది, అదే ఇవ్వండి. పాలసీలో ఫోన్ నంబరు, సామాను విలువ కప్పేయండి. పీడీఎఫ్ మీద నల్ల గడి గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు. ఫోన్ మార్కర్ పెన్నుతో గీసినా, బ్రైట్‌నెస్ పెంచితే కొన్నిసార్లు చదవగలం. స్క్రీన్‌షాట్ తీసి, గట్టి రంగు గడి పెట్టి, ఆ బొమ్మనే పంపండి.

ఇలాంటి యాప్‌ల మీద నాకు కోపమే. ప్రతి అప్‌డేట్‌లో అప్‌లోడ్ బటన్ ఒకటి పెరుగుతోంది, డిలీట్ బటన్ మాత్రం రావడం లేదు. అతిథి గేటు దాటడానికీ మీ పాలసీకీ ఏం సంబంధం? గేటు దగ్గరి ట్యాబ్‌కి 1234 పిన్ పెట్టి షిఫ్టుల్లో చేతులు మారుస్తుంటే లోపలున్న పత్రాలకు కాపలా ఎవరు? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 అవసరమైనంతే తీసుకోమంటుంది, పని అయ్యాక చెరిపేయమంటుంది. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెరిపేయమని కమిటీకి ఈమెయిల్ పెట్టండి, జవాబు దాచుకోండి.

ప్రశ్న: పాలసీ పీడీఎఫ్‌లో సంతకం దగ్గర ప్రశ్నార్థకం వస్తోంది. నకిలీదా?

జవాబు: అదొక్కటే చూసి నకిలీ అనలేం. సంతకం ధ్రువపత్రాన్ని మీ సాఫ్ట్‌వేర్ గుర్తించలేదని అర్థం, అంతే. కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరిచి సిగ్నేచర్ ప్యానెల్‌లో సంతకం తర్వాత ఫైల్ మారిందా లేదా చూడండి. స్క్రీన్‌షాట్ తీసినా, ప్రింట్ టు పీడీఎఫ్ చేసినా సంతకం పోతుంది, కంపెనీ నుంచి వచ్చిన అసలు ఫైలే కావాలి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, తెరుచుకున్న అడ్రస్ కంపెనీ సొంత సైటుదేనా అని చదివి చూడండి. అనుమానం పోకపోతే పాలసీ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌కి కిరాయిదారు చేతే ఫోన్ చేయించండి, నంబరు మాత్రం పీడీఎఫ్‌లోంచి కాకుండా కంపెనీ సైటులోంచి తీసుకోండి.