బ్రేకుల ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు

చి. శ్రావణికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎస్టిమేట్ చూశాను. ముందు చక్రాల ప్యాడ్లు, అవి నొక్కిపట్టే రెండు డిస్కులు, బ్రేక్ ఆయిల్, వెనక డ్రమ్ముల క్లీనింగ్, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌కు గ్రీజింగ్, ఇవి చాలవన్నట్టు డిస్క్ కోటింగ్. కారు కొని నాలుగేళ్లు, తిరిగింది 32 వేల కిలోమీటర్లు. మోసం చేస్తున్నారా మామయ్యా అని అడిగావు. ఈ కాగితం చూసి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎందుకంటే ఇందులో ఒక్క కొలత కూడా లేదు. "ప్యాడ్ 40 శాతం, డిస్కుల మీద గీతలు" అన్నారు, అంతే.

అసలు విషయానికి ముందు ఒక మాట. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే, బ్రేక్ నొక్కినప్పుడు ఇనుము ఇనుము రాసుకున్న చప్పుడు వస్తుంటే, చక్రం లోపలివైపు ఆయిల్ కారిన తడి కనిపిస్తే, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా ఎర్ర లైటు ఆరకపోతే, బేరాలు ఆడకు. కారు అక్కడే వదిలి ఆటోలో ఇంటికి రా. ఇవేవీ లేవని నువ్వే రాశావు కాబట్టి నీకు రెండు మూడు రోజులు టైముంది. "ఇవాళే చేయించకపోతే రిస్క్ మేడమ్" అనే మాటకు కంగారుపడకు.

ఇక ఆ 40 శాతం. నీ కారులాంటి హ్యాచ్‌బ్యాకుల్లో కొత్త ప్యాడ్ మీద అరిగే పదార్థం దాదాపు 10 మి.మీ. ఉంటుంది. వెనకున్న ఇనప ప్లేటు దీనికి అదనం, దాన్ని లెక్కలో కలపకూడదు. 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చేయాలి. ఇప్పుడు చూడు, 10లో 40 శాతం అంటే 4 మి.మీ. కానీ కొంతమంది 3 మి.మీ.నే సున్నాగా పెట్టుకుని, పైనున్న 7లో 40 శాతం లెక్కేస్తారు. అప్పుడు మిగిలింది దాదాపు 6 మి.మీ. ఒకే అంకె, రెండు అర్థాలు. నిర్ణయం మాత్రం తలకిందులవుతుంది.

ఎలాగంటే, 6 మిగిలితే 32 వేల కిలోమీటర్లకు 4 మి.మీ. అరిగినట్టు, అంటే మి.మీ.కి 8 వేలు. 3కి రావడానికి ఇంకా 24 వేలు పడుతుంది. అరుగుదల అంత నికరంగా సాగదు కాబట్టి 15 వేలే అనుకో, అయినా వచ్చే సర్వీసు దాకా ముట్టుకోనక్కర్లేదు. అదే 4 మిగిలితే, 6 మి.మీ. అరిగినట్టు. మి.మీ.కి 5,300 చొప్పున, 10 వేల తర్వాత వచ్చే సర్వీసు నాటికి 2 దగ్గరికి పడిపోతుంది. అప్పుడు ఇప్పుడే మార్చమనడం న్యాయమే, వాళ్లను తప్పుబట్టలేం. అందుకే శాతం చెబితే తలాడించకు. "నాలుగు ప్యాడ్లు ఎన్నెన్ని మి.మీ. ఉన్నాయో జాబ్ కార్డు మీద రాసివ్వండి" అని అడుగు.

నాలుగూ అని ఎందుకంటున్నానంటే, ఒక్కో ముందు చక్రానికి బయట ఒక ప్యాడ్, లోపల ఒక ప్యాడ్ ఉంటాయి. అలాయ్ వీల్ సందుల్లోంచి కనిపించేది బయటిది మాత్రమే. క్యాలిపర్ జారే పిన్నులు తుప్పుతోనో ఎండిన గ్రీజుతోనో బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే తొందరగా అరిగిపోతుంది. బయట 6 ఉండి లోపల 2 ఉన్న కార్లు షెడ్లకు వస్తూనే ఉంటాయి. చక్రం విప్పకుండా చెప్పిన మాట ఏదైనా ఊహే, అది మంచి మాటైనా చెడ్డ మాటైనా. లోపలా బయటా తేడా 2 మి.మీ. దాటితే ప్యాడ్లు మార్చినంత మాత్రాన సరిపోదు. పిన్నులు తీసి, శుభ్రం చేసి, వాటికి సరిపడే గ్రీజు పెట్టాలి. మామూలు చాసిస్ గ్రీజు పెడితే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

ఇక్కడే ఇంకొకటి గమనించు. ప్యాడ్లు మార్చేటప్పుడు పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం ఆ పనిలో భాగమే. ప్యాడ్ల లేబర్ ఒక లైను, క్యాలిపర్ గ్రీజింగ్ లేబర్ ఇంకో లైను వేస్తే ఒకే పనికి రెండు బిల్లులు. ప్యాడ్లు మార్చకుండా ఒట్టి గ్రీజింగ్ చేయిస్తే దానికి లేబర్ అడగడం సబబే.

డిస్కుల సంగతి. గీతలు ఉండటం తప్పేమీ కాదు, మన దుమ్ము రోడ్ల మీద తిరిగే ఏ కారుకైనా ఉంటాయి. వాన తర్వాతా, కారు కడిగిన తర్వాతా పొద్దున్నే కనిపించే ఎర్రటి తుప్పు నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది. డిస్క్ మార్చాలా వద్దా అన్నది మందమే తేలుస్తుంది. కనీస మందం ఎంతో సాధారణంగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. 22 మి.మీ. కొత్త డిస్కుకు 20 అని ఉంటుందనుకో, 20 కంటే తగ్గితే మార్చాల్సిందే. కొలిచేది మైక్రోమీటర్‌తో, ప్యాడ్ రాసుకునే చోట. వెర్నియర్ పట్టుకొచ్చి అంచు మీద పెడితే ఒప్పుకోకు. అంచున ప్యాడ్ తగలని చోట అరగని గట్టు మిగిలిపోతుంది, వెర్నియర్ దాన్నే పట్టుకుని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు వల్ల నీ డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది గానీ, పోయేది నీ బ్రేకులే.

20 పరిమితి ఉన్న డిస్క్ 21 ఉండి, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణకకపోతే, ప్యాడ్లు మార్చినా డిస్క్ జోలికి పోనక్కర్లేదు. 20.2 ఉంటే మాత్రం ప్యాడ్లతోపాటు మార్చమన్న సలహా మంచిదే. కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే డిస్క్ పరిమితి దాటిపోవచ్చు, అప్పుడు మళ్లీ విప్పాలి, మళ్లీ లేబర్ కట్టాలి. స్టీరింగ్ వణుకుతుంటే ముందుగా డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు తుడిచి, డయల్ గేజ్ పెట్టి డిస్క్ ఎంత ఊగుతోందో చూడమను. డిస్కును నునుపు చేయడానికి లేత్ మీద పట్టించినా మందం తగ్గేదే గనక, పట్టించాక ఎంత మిగులుతుందో ముందే అడుగు. మార్చడమంటూ వస్తే డిస్కులు జతగానే మార్చాలి. ప్యాడ్లు కూడా రెండు ముందు చక్రాలకూ కలిపి నాలుగింటి సెట్టుగానే పెట్టెలో వస్తాయి. బిల్లులో రెండు సెట్లు కనిపిస్తే ఎందుకని నిలదీయి.

వెనక డ్రమ్ముల క్లీనింగ్ ఏటా ఒకసారి మంచిదే. డ్రమ్ము లోపల రాసుకునే షూ లైనింగ్ 1 మి.మీ.కి వస్తే మార్చాలి, షూలను నెట్టే వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ కారి షూ తడిస్తే మందం ఎంతున్నా మార్చాలి. గాలి గన్నుతో దుమ్ము ఊదుతుంటే నువ్వు దూరంగా జరుగు.

ఆ మొత్తం కాగితంలో నేను వెంటనే చేయించమనేది బ్రేక్ ఆయిల్ ఒక్కటే, అదీ అన్నిటికంటే చవకైనది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, నీ మాన్యువల్‌లో చూసుకో. నాలుగేళ్లుగా మార్చలేదంటున్నావు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ 3.7 శాతానికి చేరాక 140 దగ్గరే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఊళ్లో తిరిగినంత కాలం తేడా తెలియదు. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డు దిగుతూ మలుపు మలుపుకీ బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడు తెలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు చేరితే పెడల్ నేలకంటుతుంది, కారు ఆగదు. నువ్వు దసరాకి కొండకు వెళ్తానన్నావు, అంతకుముందే ఇది అయిపోవాలి.

అయితే ఎలా మారుస్తారో చూడు. పైనున్న డబ్బాలోంచి పాత ఆయిల్ లాగేసి కొత్తది పోస్తే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ బయటికి వదిలే నిపుల్ విప్పి, కొత్త ఆయిల్ వచ్చేదాకా పాతది బయటికి తీయాలి. దానికి అర లీటరు నుంచి లీటరు పడుతుంది. బిల్లులో 250 మి.లీ. అని ఉంటే పని సగమే అయినట్టు. ఏ డాట్ రకం పోయాలో డబ్బా మూత మీదే రాసుంటుంది. ఇంకో సంగతి, ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం దానంతటదే కొంచెం తగ్గుతుంది. పెట్రోలు బంకులో ఎవరైనా "తగ్గింది, పోస్తా" అంటే వద్దను. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు అది పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది.

డిస్క్ కోటింగ్ ఎస్టిమేట్‌లోంచి తీసేయించు. మాన్యువల్‌లోని మెయింటెనెన్స్ పట్టికలో లేనిదానికి డబ్బు కట్టకు.

రేపు వెళ్లినప్పుడు సర్వీస్ అడ్వైజర్‌తో ఎక్కువసేపు వాదించకు. అతను బండి విప్పినవాడు కాదు, పైగా అతనికి నెల టార్గెట్ ఉంటుంది. లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లమను, విప్పిన మెకానిక్‌తో మాట్లాడు. మెకానిక్కులు చాలామంది చేతిలో భాగం పెట్టి నిజమే చెబుతారు. కొలిచేటప్పుడు ఫోటో తీసుకో. చూడనివ్వం అన్నా, కొలతలు రాసివ్వం అన్నా, కారు అక్కడ చేయించకు. "కస్టమర్ వద్దన్నారు" అని రాసి సంతకం అడిగితే పెట్టు, పక్కనే ఆ మి.మీ. అంకెలు కూడా రాయించు.

అనుమానం తీరకపోతే ఆటోనగర్‌లో బ్రేకుల పని తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లి, విప్పి కొలిచినందుకు ఎంతో అడిగి ఇచ్చేయి. మొదటి ఎస్టిమేట్ మాత్రం చూపించకు. చూపిస్తే దాన్ని బట్టే మాట్లాడతారు. ప్యాడ్లు బయట కొంటే జీఎస్టీ బిల్లుతో కొను, పెట్టె మీద ఎమ్మార్పీ చూడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాలకు జీఎస్టీ 18 శాతమే, 28 వేస్తే అడుగు. మార్చిన పాత భాగాలు డిక్కీలో పెట్టించుకో. చేయని పనికి బిల్లు వేశారని తేలితే 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు తీసుకుంటారు. జాబ్ కార్డు, ఫోటోలు అప్పుడు పనికొస్తాయి.

కొత్త ప్యాడ్లు వేస్తే కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వేయకుండా నడుపు.

కొలతలు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి, లోపలి ప్యాడ్లవి ముఖ్యం.

మీ మామయ్య